వేరే పని మీద తోడిన బురద

1853లో అమెరికా నౌక 'డాల్ఫిన్' అట్లాంటిక్ మధ్యనుంచి పైకి తెచ్చిన బురద పిడికెడు కూడా లేదు. దాన్ని పట్టి తెచ్చిన సాధనం జాన్ మెర్సర్ బ్రూక్ అనే నౌకాదళ అధికారి ఆలోచన. ఫిరంగి గుండుకు నడిమి రంధ్రం చేసి, అందులో కడ్డీ దూర్చి, తాడు కట్టి సముద్రంలోకి వదులుతారు. అడుగు తగలగానే గుండు ఊడి అక్కడే ఉండిపోతుంది. బరువు తగ్గిన కడ్డీ, తన కొనలోని బోలు గొట్టంలో చిక్కిన కాసింత మట్టితో పైకి వస్తుంది. రెండు వేల బారల లోతు దాకా ఇలా కొలిచారు. ఐరోపాకూ అమెరికాకూ మధ్య టెలిగ్రాఫ్ తీగ వేయాలి, అడుగున రాళ్లున్నాయో మెత్తటి నేల ఉందో తెలియాలి, అందుకే ఈ శ్రమ.

ఆ మట్టి వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో పాఠాలు చెప్పే జేకబ్ బెయిలీ సూక్ష్మదర్శిని కిందికి చేరింది. ఇసుక ఉంటుందనుకున్న చోట ఆయనకు దాదాపు అంతా గుల్లలే కనిపించాయి. ఇసుక రేణువంత సైజులో, గదులు గదులుగా, బుడగలు అతికించినట్టున్న సున్నపు గుల్లలు. ఒక్కటీ అరిగిపోలేదు. అంటే అక్కడ ప్రవాహాల ఒరిపిడి లేదు, తీగ భద్రంగా ఉంటుంది. కేబుల్ కంపెనీలకు కావలసిన జవాబు దొరికింది. ఆ గుల్లలు మాత్రం తమ సొంత ప్రశ్నతో మిగిలిపోయాయి.

సముద్రపు గతాన్ని సూక్ష్మ శిలాజాలతో చదివే విద్యకు చరిత్రంతా ఇదే దారి. బురద తోడినవాళ్లు చాలాసార్లు వేరే పని మీద వెళ్లారు. తీగ కోసం, బంగారం కోసం, నూనె కోసం, జలాంతర్గాముల కోసం, చివరికి గోదావరి ముఖద్వారం ఎదుట గ్యాస్ కోసం. వాతావరణ చరిత్ర ఆ పనుల చాటున పోగైంది. దీన్ని అదృష్టమని తోసేయడం సరికాదు. ఎవరూ అడగని మట్టిని పారబోయకుండా దాచిన మనుషులు ప్రతి దశలోనూ ఉన్నారు.

ఆ గుల్లల జీవులను ఫొరామినిఫెరా అంటారు, పనిలో ఉన్నవాళ్ల నోట అవి 'ఫొరామ్‌లు'. ఒంటికణం జీవి, చుట్టూ తానే కట్టుకున్న గూడు. బ్రిటిష్ నౌక 'సైక్లాప్స్' 1857లో తెచ్చిన అట్లాంటిక్ బురదను పరిశీలించిన థామస్ హక్స్‌లీ, ఇంగ్లండు తీరపు తెల్ల సుద్దకొండల్లోనూ ఇవే గుల్లలున్నాయని గమనించాడు. 1868లో నార్విచ్ పట్టణంలో కార్మికులను కూర్చోబెట్టి, వడ్రంగి జేబులో ఉండే సుద్దముక్క నుంచి పాత సముద్రాల కథ చెప్పాడు. శాస్త్రాన్ని జనానికి విప్పి చెప్పిన ప్రసంగాల్లో దానికి సాటి వచ్చేవి కొన్నే.

అయితే ఈ జీవులు ఎక్కడ బతుకుతాయి? అడుగునా, పైనా? దీని మీద పెద్ద వాదమే నడిచింది. తేల్చింది 1872 డిసెంబరులో బయలుదేరి 1876 మేలో తిరిగొచ్చిన 'చాలెంజర్' నౌక. జాన్ మర్రే సన్నటి వలలతో పైనీటిని జల్లెడ పట్టి, కింది బురదలో గుట్టలుగా పడి ఉన్న జాతులే పైన సజీవంగా తేలుతున్నాయని చూపాడు. చచ్చాక వాటి గుల్లలు కిందికి దిగుతాయి. మరీ లోతైన చోట్ల సున్నం నీటిలో కరిగిపోయి ఎర్ర బంకమట్టి మాత్రమే మిగులుతుంది. వెచ్చటి సముద్రాల్లో ఒక రకం జాతులు, చల్లటి సముద్రాల్లో ఇంకో రకం ఉంటాయన్న సంగతి కూడా ఆ యాత్రతోనే స్పష్టపడింది. హెన్రీ బ్రాడీ 1884లో ఆ ఫొరామ్‌లను బొమ్మలతో సహా అచ్చువేశాడు. ఇప్పటికీ ఆ పుస్తకం తెరవకుండా ఈ రంగంలో పని మొదలుపెట్టేవాళ్లు తక్కువ.

ఇక్కడ నూనె ప్రవేశించింది. 1920లలో టెక్సస్ తీరాన బావులు తవ్వుతున్న కంపెనీలకు ఒకటే ఇబ్బంది. కింద పొరలన్నీ ఒకేలాంటి బంకమట్టి, బరమా పెద్ద శిలాజాలను పిండి చేసేస్తుంది. నలగకుండా పైకి వచ్చేవి ఫొరామ్‌లు ఒక్కటే. హ్యూస్టన్‌లో వేర్వేరు కంపెనీల్లో పనిచేస్తున్న ముగ్గురు స్త్రీలు, ఎస్తర్ ఆప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ క్నైకర్, ఆ గుల్లల జాతులను బట్టి పొరల వయసు చెప్పవచ్చని నిరూపించారు. ఆప్లిన్ మొదటిసారి ఆ మాట సభలో చెప్పినప్పుడు పెద్ద మనుషులు ఎగతాళి చేశారు. 1925లో ముగ్గురూ కలిసి వ్యాసం వెలువరించేసరికి కంపెనీలు పోటీపడి ప్రయోగశాలలు పెడుతున్నాయి. ఏ జాతి ఎప్పుడు పుట్టి ఎప్పుడు అంతరించిందన్న పట్టికలు అలా నూనె డబ్బుతో పెరిగాయి. అవి లేకుంటే తర్వాతి వాతావరణ చరిత్రకు కాలమానమే లేదు.

బంగారం సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ కట్టాల్సిన పరిహారానికి సముద్రపు నీటి నుంచి బంగారం తీయవచ్చని రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ ఆశపడ్డాడు. 1925 నుంచి 1927 దాకా దక్షిణ అట్లాంటిక్‌లో అటూ ఇటూ తిరిగిన 'మెటియర్' నౌక వెనుక ఆ ఆశ కూడా ఉంది. బంగారం దొరకలేదు, నీటిలో ఉన్నది లెక్కకు రానంత తక్కువ. కానీ నౌక అడుగునుంచి మీటరు లోపు పొడవైన మట్టి కడ్డీలను తెచ్చింది. వాటిలో ఫొరామ్‌లను పొరపొరగా లెక్కపెట్టిన వోల్ఫ్‌గాంగ్ షాట్ 1935లో ఒక చిత్రాన్ని బయటపెట్టాడు. పై పొరలో గ్లోబోరొటాలియా మెనార్డీ అనే వెచ్చనినీటి జాతి ఉంది, దాని కింది పొరలో లేదు, ఇంకా కిందికి పోతే మళ్లీ ఉంది. మధ్యలో ఖాళీగా ఉన్న పొర హిమయుగం. మంచు పలకలు ఉత్తరాన వేల కిలోమీటర్ల దూరంలో ఉండగా, భూమధ్యరేఖ దగ్గరి బురద ఆ చలిని నమోదు చేసిందన్నమాట.

మీటరు మట్టితో వెళ్లగలిగేది కొంత దూరమే. లోతైన సముద్రంలో వెయ్యేళ్లకు పేరుకునేది కొన్ని సెంటీమీటర్లు. స్వీడన్‌కు చెందిన బోర్యే కులెన్‌బెర్గ్ పిస్టన్ అమర్చిన గొట్టాన్ని తయారుచేశాక పరిస్థితి మారింది. 1947–48లో హన్స్ పెటర్సన్ నాయకత్వాన 'అల్బట్రాస్' నౌక దానితో పదిహేను మీటర్లు దాటిన కడ్డీలు తీసింది. అమెరికాలో మారిస్ యూయింగ్ తన పరిశోధన నౌక 'వీమా'కు రోజుకో కడ్డీ తీసి తీరాలని నియమం పెట్టాడు. ఆ సముద్రయానాలకు డబ్బిచ్చింది ఎక్కువగా అమెరికా నౌకాదళం. జలాంతర్గాముల కాలంలో సముద్రపు అడుగు ఎలా ఉంటుందో దానికి తెలియాలి. యూయింగ్ మాత్రం ఏ కడ్డీ ఎందుకు పనికొస్తుందో ముందే చెప్పలేం, తీసి దాచిపెట్టాలి అన్న పట్టుదలతో ఉన్నాడు. ఈ చరిత్రలో అంత దూరదృష్టి ఉన్న నిర్ణయం మరొకటి కనపడదు.

కడ్డీలు పోగవుతున్న రోజుల్లోనే గుల్లలను లెక్కపెట్టడమే కాక తూచే పద్ధతి వచ్చింది. అణుబాంబు పథకంలో ఐసోటోపులతో పనిచేసిన హెరాల్డ్ యూరీ, యుద్ధం ముగిశాక షికాగోలో వాటిని శాంతి పనికి మళ్లించాడు. ఆక్సిజన్‌లో తేలిక రకం 16, బరువు రకం 18. జీవి గుల్ల కట్టుకునేటప్పుడు నీరు ఎంత చల్లగా ఉంటే గుల్లలో 18 అంత కాస్త ఎక్కువగా చేరుతుంది. కనక గుల్లను ఆమ్లంలో కరిగించి, వచ్చిన వాయువును మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూస్తే, ఎప్పుడో చచ్చిన జీవి ఈదిన నీటి వేడి తెలియాలి. యూరీ బృందంలో పనిచేసిన ఇటలీ యువకుడు చెజారె ఎమిలియానీ ఆ పద్ధతిని ఫొరామ్‌లకు పట్టించాడు. పెటర్సన్, యూయింగ్‌ల కడ్డీల నుంచి గుల్లలు ఏరించి, 1955లో 'ప్లిస్టొసీన్ ఉష్ణోగ్రతలు' అన్న వ్యాసం రాశాడు. ఆల్ప్స్ పర్వతాలను చూసి హిమయుగాలు నాలుగే అని అప్పటిదాకా పుస్తకాలు చెబుతున్నాయి. ఎమిలియానీ గీతలో చలీ వెచ్చదనం అంతకంటే చాలాసార్లు వచ్చిపోయాయి. వెచ్చని దశలకు బేసి, చల్లని దశలకు సరి సంఖ్యలు ఆయన ఇచ్చినవే. ఇప్పటికీ ప్రపంచమంతా అదే లెక్క.

ఆ గుల్లలను ఏరే పని చేతులతో జరగాల్సిందే. బురదను సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను నల్లటి పళ్లెంలో పరిచి, తడిపిన కుంచె కొసతో ఒక్కొక్క గుల్లనూ ఎత్తాలి. బియ్యంలో రాళ్లు ఏరడం అలవాటైన చేతులకు ఈ పని తీరు తెలుసు. కళ్లు మాత్రం సూక్ష్మదర్శినికి అతుక్కుని ఉండాలి. ఒక జాతి, ఒక సైజు, ఒక పొర. ఇలా వేలకొద్దీ ఎత్తితే గానీ ఒక గీత పూర్తికాదు. ఎన్నో గొప్ప వ్యాసాల చివర సన్నటి అక్షరాల కృతజ్ఞతల్లో మాత్రమే కనిపించే ఏరేవాళ్లు లేకుంటే ఈ శాస్త్రం లేదు.

ఎమిలియానీ గీత నిజమే, కానీ అది దేని గీత? ఇక్కడే ఈ చరిత్రలో అత్యంత అందమైన వాదన ఉంది. సముద్రం నుంచి ఆవిరయ్యే నీటిలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ. ఆ నీరు మంచుగా నేల మీద ఉండిపోతే, సముద్రంలో బరువు ఆక్సిజన్ మిగులుతుంది. అంటే గుల్ల బరువెక్కడానికి కారణం చలైనా కావచ్చు, మంచు పలకలైనా కావచ్చు. ఎమిలియానీ చలికే పెద్ద పీట వేశాడు. కేంబ్రిడ్జిలో నికొలస్ షాకల్టన్ దీన్ని విడదీసే ఉపాయం పట్టుకున్నాడు. సముద్రపు అడుగున నీరు ఈనాడే గడ్డకట్టే స్థాయికి దగ్గర్లో ఉంది, హిమయుగంలో ఇంకెంతో చల్లబడే వీల్లేదు. కాబట్టి అడుగున బతికే ఫొరామ్‌లను తూచాలి. అవి చాలా అరుదు, కొద్ది గుల్లలతో పనిచేసేలా యంత్రాన్ని ఆయనే సానబెట్టాడు. అడుగు గుల్లల్లోనూ దాదాపు అంతే ఊగిసలాట కనిపించింది. 1967లో ఆయన తీర్పు: ఈ గీతలో పెద్ద భాగం ఉష్ణోగ్రతది కాదు, మంచుది. ఎమిలియానీకి ఆ మాట చాలాకాలం మింగుడు పడలేదు. శాస్త్రానికి మాత్రం వెల కట్టలేని లాభం కలిగింది. మంచు ఎంత ఉందో తెలిస్తే సముద్రమట్టం తెలుస్తుంది, అది ప్రపంచమంతా ఒకటే గనక ఏ సముద్రపు కడ్డీనైనా ఇంకో సముద్రపు కడ్డీతో జోడించవచ్చు.

1973లో షాకల్టన్, నీల్ ఆప్డైక్ కలిసి పసిఫిక్ పశ్చిమాన 'వీమా' తీసిన వి28-238 కడ్డీని చదివారు. అందులో దాదాపు 12 మీటర్ల లోతున భూమి అయస్కాంతం ఉత్తర దక్షిణాలు తారుమారైన గుర్తు ఉంది. దాని వయసు లావాల నుంచి ముందే తెలుసు. గీతకు ఆధారపడదగ్గ గడియారం అలా చేతికొచ్చింది.

తర్వాతి అధ్యాయం హిందూ మహాసముద్రానిది. నెల్లూరు దగ్గర మొదలుపెట్టి కొలంబో పక్కగా నిటారుగా దక్షిణానికి సుమారు 6,400 కిలోమీటర్లు పోతే, 43 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక, మూడు కిలోమీటర్ల నీటి కింద ఆర్‌సి11-120 అనే కడ్డీ తీసిన చోటు వస్తుంది. దానినీ, మరింత తూర్పున తీసిన ఇ49-18నూ కలిపి జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీ, షాకల్టన్ నాలుగున్నర లక్షల ఏళ్ల వరస సిద్ధం చేశారు. ఆక్సిజన్ ఒక గీత. ఇసుకలా మెరిసే సిలికా గుల్లలు కట్టుకునే రేడియొలేరియాల నుంచి లెక్కగట్టిన వేసవి ఉష్ణోగ్రత ఇంకో గీత. ఒక రేడియొలేరియా జాతి నిష్పత్తి మూడోది. మూడింటిలోనూ దాదాపు 1,00,000, 41,000, 23,000, 19,000 ఏళ్ల ఆవృత్తులు బయటపడ్డాయి. సూర్యుని చుట్టూ భూమి తిరిగే దారి సాగడం, ఇరుసు వాలు మారడం, ఇరుసు బొంగరంలా ఊగడం, వీటి కాలాలు ఇవే. గ్లాస్గోలో ఒక మ్యూజియం పనివాడిగా ఉంటూ చదువుకున్న జేమ్స్ క్రోల్, ఆయన తర్వాత సెర్బియా గణితవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ కాగితం మీద ఊహించిన సంగతికి 1976 డిసెంబరులో బురద సాక్ష్యం చెప్పింది. మిలాంకోవిచ్ అప్పటికి చనిపోయి పద్దెనిమిదేళ్లు.

హిమయుగాల కథ ఇలా తేలుతుంటే బంగాళాఖాతం మరో ప్రశ్న వేసింది. ఇక్కడ గుల్ల బరువును చలీ మంచూ మాత్రమే నిర్ణయించవు. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలంలో కుమ్మరించే మంచినీటిలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ. వరద పెద్దదైతే పైనీటిలో తేలే గుల్ల తేలికవుతుంది, వానలు తప్పితే నీరు ఉప్పెక్కి గుల్ల బరువెక్కుతుంది. అంటే ఈ సముద్రపు బురద వానల లెక్క. 1981లో జేమ్స్ కలెన్ జాతుల లెక్కతో, 1982లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్-క్లోడ్ డుప్లెసీ ఆక్సిజన్‌తో, వేర్వేరు దారుల్లో ఒకే చోటికి వచ్చారు: సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, సముద్రమట్టం నూట ఇరవై మీటర్ల దాకా పడిపోయిన కాలంలో, బంగాళాఖాతం ఈనాటికంటే ఉప్పగా ఉంది, నైరుతి బలహీనంగా ఉంది. అరేబియా సముద్రంలో ఆధారం వేరు. అక్కడ నైరుతి గాలి ఒమన్ తీరాన అడుగునీటిని పైకి లాగుతుంది, ఆ చల్లనినీటిలో గ్లోబిజెరినా బుల్లాయిడెస్ అనే జాతి విపరీతంగా పెరుగుతుంది. దాన్ని లెక్కపెట్టి 2003లో ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన అనిల్ గుప్తా, అమెరికన్ సహచరులతో కలిసి, ఉత్తర అట్లాంటిక్ చల్లబడినప్పుడల్లా ఇక్కడి నైరుతి తగ్గిందని చూపారు.

2006 వేసవిలో డ్రిల్లింగ్ నౌక 'జాయిడెస్ రెజల్యూషన్' భారత తీరాలకు వచ్చింది. ఈసారి పని గ్యాస్ హైడ్రేట్లు, అంటే అడుగుమట్టిలో మంచులా గడ్డకట్టి ఉండే మీథేన్. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒకచోట 128 మీటర్ల మందాన హైడ్రేట్ పొర దొరికి పెద్ద వార్త అయింది. గోదావరి ముఖద్వారం ఎదుట, కిలోమీటరు దాటిన లోతున తీసిన 16ఎ అనే కడ్డీ పైభాగం గురించి అప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అందులో గ్యాస్ కథ లేదు. గత పదివేల ఏళ్ల గోదావరి కథ ఉంది.

ఇక్కడ పూడిక లోతు సముద్రంలోలా సెంటీమీటర్ల లెక్కన కాక, వెయ్యేళ్లకు అడుగుల లెక్కన పడుతుంది. కాబట్టి శతాబ్దాలు విడివిడిగా కనిపిస్తాయి. పైనీటిలో బతికే గ్లోబిజెరినాయిడెస్ రూబర్ గుల్లల ఆక్సిజన్‌ను, నది మోసుకొచ్చిన ఆకుల మైనంలోని కార్బన్‌ను కమిలో పాంటన్, లివియూ జోసన్ బృందం పక్కపక్కన పెట్టి 2012లో అచ్చువేసింది. గుల్ల సముద్రం గురించి చెబుతుంది, మైనం దక్కన్ పీఠభూమి మీద ఏ మొక్కలు పెరిగాయో చెబుతుంది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా ఎండకు ఓర్చే మొక్కలు మెల్లగా పెరుగుతూ వచ్చి, తర్వాత అలాగే నిలిచిపోయాయి. గత 3,000 ఏళ్లలో బంగాళాఖాతం అంతకుముందెన్నడూ లేనంతగా ఉప్పెక్కిన సందర్భాలున్నాయి, అంటే వాన నమ్మకం తగ్గింది. సింధు లోయలో పట్టణాలు చెదిరిన కాలంలోనే దక్కన్‌లో జనం స్థిరపడి వ్యవసాయం పట్టుకోవడాన్ని ఆ బృందం ఈ ఎండిపోవడంతో కలిపి చూసింది. మనుషుల చరిత్రకు ఒక్క కారణం చాలదు గానీ, గోదావరి పరీవాహకమంతటి వానలను ఒకేచోట నమోదు చేసిన ఆధారం ఇంకొకటి దొరకడం కష్టం.

ఈ గుల్లలు తెలుగు నేల మీద ఇంకా చాలా పాత సంగతి కూడా చెప్పాయి. కొవ్వూరు వైపు గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం నల్లరాయి పగలగొడతారు. ఆ రాయి పశ్చిమ దక్కన్ నుంచి వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన లావా అని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రెండు లావా పొరల మధ్య ఉన్న సున్నపు మట్టిలో, డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టిన తొలి ఫొరామ్‌లను గెర్టా కెల్లర్ బృందం 2008లో చూపింది. అంటే కింది లావా ఆ మహావిలయం దగ్గర ముగిసింది. విలయానికి ఉల్క కారణమా, దక్కన్ లావా కారణమా అన్న వాదం ఇప్పటికీ నడుస్తోంది. కెల్లర్ లావా పక్షం. ఎవరు గెలిచినా, వాదానికి కావలసిన తేదీ గోదావరి గట్టు రాళ్ల నుంచి, తర్వాత ఓఎన్‌జీసీ నూనె బావుల మట్టి నుంచి వచ్చింది.

16ఎ కడ్డీ చదువు అక్కడితో ఆగలేదు. 2017లో జోసన్ బృందమే అదే మట్టి ఎక్కడ కోసుకుపోయిందో వెతికింది. గత కొన్ని వేల ఏళ్లలో వానలు తగ్గి, చెట్లు పలచబడి, సేద్యం పెరిగినకొద్దీ దక్కన్ నల్లరేగడి సముద్రంలోకి మరింతగా కొట్టుకువచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు ఆనకట్టలు ఆ వరసను తిప్పేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు దిగింది. అదే పరిశోధన డెల్టా అంచున సముద్రం నేలను కోసుకుపోతున్న ఊళ్లను, చెరిగిపోతున్న మడ అడవులను పటాల మీద గుర్తించింది. వేల ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన ఆ పూడిక ఒక్క తరంలో సగానికి పైగా తగ్గింది.